నాలుగు కోరాలు

కుర్మయ్య బకెట్టు బోర్లించుకొని కూసున్నడు.
లప్పం ఆరి రెండ్రోజులైంది.
"చెప్పక్కా, ఏది కొట్టమంటవు?"
గోడ మీద చాటంత చాటంత నాలుగు ముక్కలు.
నాలుగూ ఒకటే.
నాలుగూ వేరు.

కార్డు మీద పేర్లు చదివిన.
ఒకటి ఎడారి ఇసుకంట,
రెండోది పొద్దుగాలి ఓట్సంట,
మూడోది ఏనుగు దంతం,
నాలుగోది మరీ, మౌనమంట.
మౌనం లీటరు నాలుగువందల ఎనభై.

ఇరవై రెండేండ్ల సంది
గద్వాల పాత బస్టాండు ఎనక
జములమ్మ మ్యాచింగ్ సెంటర్ నాది.
పెండ్లిచీర అంచుపోగు గోరంత తెస్తే చాలు
తొంభై ఆరు మెరూన్లల్ల దాని తోడబుట్టిందాన్ని
వేలు పెట్టి గుంజుత.
వంకాయ రంగు అడిగితే
తొడిమె కాడిదా, కడుపు కాడిదా అంట.
మోసం ట్యూబులైటుది, బట్టది కాదని
గునిసే ఆడోళ్లను గడప దాటించి
టూ బై టూ తానును ఎండల పరిచి చూపిస్త.

గోడను ఎండలకు ఎట్ల తీసుకపోవాలె?

పొద్దుగాల ఎడారి ఇసుక మంచిగనే ఉండె.
తొమ్మిదింటికల్ల జరమొచ్చినోని మొఖమైంది.
ఓట్సు పగటీలికి
సంగటి గిన్నె కడిగిన నీళ్లు.
ఏనుగు దంతం ఉత్త దంతమే, బొగ్గు పెట్టి తోమింది.
మౌనం మాత్రం
ఎదురింటోళ్లు పచ్చ షట్టరు ఎత్తితే పచ్చగ,
దించితే బూడిదగ,
ఎవరేమన్నా తలూపుతది.
మా చిన్న మరిదసొంటిది.

కంపెనీ పేర్లు ఇడిసిపెట్టి
నా పేర్లు నేను పెట్టుకున్న.
దులపని జొన్నరొట్టె, దులిపిన జొన్నరొట్టె,
గంజి పెట్టిన పంచె,
రంగుల మునగని మగ్గం నూలు.
పేరు పెడితే ఇంకా చిక్కయింది.
నాలుగు కోరాలకు నడుమ
ఊదితే పోయే అంత తేడా,
గదే నిద్ర పట్టనియ్యలే.

మద్దిలేటి కర్నూలు ట్రిప్పు దిగొచ్చిండు.
టికెట్ల మిషను బల్ల మీద పెట్టి
గోడ దిక్కు జూసి
"ఒకటే రంగు నాలుగుసార్లు ఎందుకేసిండు?" అన్నడు.
నేనేమనలే.
డ్యూటీ దిగినంక రోజూ కూసునే జాగలనే కూసుండు,
రోజూ ఆనించే కాడనే తల ఆనించిండు.
ఐదు నిమిషాలు కాలే, గుర్రు.

తల పక్కకు వాలినంక కనిపించింది.
ఉప్పు కాయితంతోని గీకి,
రెండుసార్లు ప్రైమరు కొట్టి,
పోయిందనుకున్న నూనె మరక
లప్పం కిందికెల్లి మల్ల పైకొచ్చింది
దోసిలంత, అంచులు మాసి.
"కొబ్బరినూనె గదక్కా, గోడ తాగింది.
ఎన్ని పూతలేసినా ఊరుతది" అన్నడు కుర్మయ్య
తప్పు తనదైనట్టు.

చెయ్యి దానంతటదే పోయింది.
చీర పక్కన జాకెటు ముక్క పెట్టినట్టు
మరక పక్కన కార్డు పెట్టిన.
ఒకటి, పసుపెక్కువ.
మూడు, తెలుపు కొడుతున్నది.
నాలుగు ఎంటనే తలూపింది, నేను నమ్మలే.
రెండు.

రెండు పెట్టంగనే అంచు కనిపించలే.

ఎన్నడో ఒకసారి అయితది ఇట్ల.
ముక్క యాడ ఆగిందో
చీర యాడ షురువైందో తెల్వదు.
అప్పుడు దుకాణంల ఎవ్వరం మాట్లాడం,
నేను కత్తెర అందుకుంట.

"రెండోది కొట్టు కుర్మయ్యా. నాలుగు గోడలూ."
"మరకో?"
"మల్లొస్తే రానీ. దాని కాడికెల్లే మొదలుపెట్టు."

బ్రష్షు ముంచి దగ్గరికొచ్చిండు కుర్మయ్య.
మద్దిలేటి కండ్లు తెరవలే.
నిద్రలనే జరంత పక్కకు జరిగిండు
ఎవరో ఎక్కినట్టు,
సీటిచ్చినట్టు.